ధర లేని గోతం

మా మడకశిర పక్క దీన్ని కసువు అంటాం.
ఈ బెంగళూరులో కస అంటారు.
ఒక్క అక్షరం తగ్గింది గానీ
ఎత్తే చేతులు అవే.

పొద్దున ఆరున్నరకి ఆటో పాట పాడుకుంటా వస్తాది,
హసి కస, ఒణ కస అని.
మూడో క్రాసులో వనజాక్షమ్మ పాలకవర్లు కడిగి
దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేసి ఇస్తాది.
ఎదురింటాయన పగిలిన బల్బును
సాంబారన్నంలో పూడ్చి ఇస్తాడు.
నా ఎడమచెయ్యి బొటనవేలికి
ఆయన ఇల్లు బాగా గుర్తు.

పెద్ద కరెంటు తీగల కింద నీలం రేకుల షెడ్డు నాది.
నాది అంటే కార్పొరేషన్‌ది.
తాళం నాది, బిల్లు నాది,
తిమ్మక్కకూ ఆషాబీకీ శనివారం కూలి నాది.

నీళ్ల బాటిలుకు ధరుంది.
అట్టపెట్టెకు ధరుంది, తడిస్తే సగం.
బీరుసీసా మర్యాదస్తుడు, నిలబడే పోతాడు.
పాలకవరు మా ఇంట్లో బియ్యం.
ఆఖర్న మిగిలేది ఒక గోతం:
చిప్సు ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు,
బయట రంగులు, లోపల వెండి,
ఏ దిక్కు నుంచీ ఎవుడూ కొనడు.
ఎలుక గూడా వాసన చూసి పోతాది.

వార్డు మీటింగుకు పిలిచినారు.
ఇంజనీరు సారు కొత్తాయన, నవ్వుమొహం.
"కసలో బంగారం ఉందమ్మా,
నీ షెడ్డు నిన్ను సాకల్ల గదా,
ఊరెందుకు డబ్బియ్యాల?" అన్నాడు.

గోతం తీసి ఆయన టేబుల్ మీద పెట్టినాను.
కొక్కెం తక్కెడ గూడా తీసుకపోయినా. పదకొండు కిలోలు.
"బంగారం సామీ. బేరమాడండి."
ఫ్యాను గాలికి ఒక వక్కపొడి కవరు లేచి
రిజిస్టరు మీద కూర్చునింది.

అబ్బుడు చెప్పినాను. నాకు చదువు లేదు, లెక్కుంది.
లారీ కంట్రాక్టరుకు టన్నుకింత అని ఇస్తారు,
ఊరవతల గుంతలో పోసినదానికి.
తడీ పొడీ కలిస్తే జాస్తి తూగుతాది.
మరి వేరు చేయమని ఆయనెందుకు అంటాడు?
నేను గుంతకు పోకుండా ఆపినదానికి
చీటీ లేదు, రేటు లేదు.
ఆ టన్ను రేటే నాకూ ఇవ్వండి,
పోసినదానికి కాదు, ఆపినదానికి.
ఇంటిపన్నులో కసపన్ను కలిపినారు గదా,
వనజాక్షమ్మకూ అంతే, సాంబారాయనకూ అంతే.
వేరు చేసే గేటుకు రొంత తగ్గించండి,
కలిపే గేటుకు రొంత పెంచండి,
బొటనవేలు ఆ డబ్బుతో మందు పూసుకుంటాది.
ఇంగ ఈ మెరుపు కవర్లు.
అమ్మేటప్పుడు పేరేసుకున్నారు పెద్దక్షరాల్లో,
అడ్రసు వెనకపక్క ఉండాది చీమలంత.
నేను చదవలేను. మీరు చదవండి,
ఆ అడ్రసుకు బిల్లు పంపండి.

సారు రాసుకున్నాడు.
నిజంగానే, పెన్ను కదిలింది, నేను చూసినా.
టీ ఇచ్చినారు కాగితం కప్పులో.
లోపల ప్లాస్టిక్ పూత. దానికీ ధర లేదు.
గోతం ఆడనే వదిలేసి వచ్చినా.

మర్నాడు ఆరున్నరకి పాట.
డ్రైవరు ముత్తురాయప్ప నవ్వాపుకుంటా దించినాడు.
నా గోతమే. ముడి మాత్రం వేరే చేతిది.
బరువు పెరిగింది:
మీటింగు కప్పులు ముప్పై,
తినీ తినని ఉప్మా,
ఉండ చుట్టిన కాగితం ఒకటి.

విప్పి చూసినాను. నీలం పెన్ను.
రాసి, కొట్టేసి, మళ్లా రాసి,
కింద రెండు గీతలు గీసినాడు.
దాంట్లో నాకు తెలిసినవి అంకెలే.
పదకొండు ఉండాది. దాని పక్కన ఒక ప్రశ్న గుర్తు,
కొడవలి మాదిరి వంగి.

ఉప్మా తడికి సిరా పాకింది.
తడిస్తే సగం ధర.
ఆరేసినాను,
వనజాక్షమ్మ మాదిరి క్లిప్పు పెట్టి.